ముందుగా పలికే పెట్టె

కంప్యూటర్ల పని చేసేవాళ్లంతా అతన్ని ఆటోమేటిక్ అనే పిలుస్తారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అది బ్యాంకు వాళ్లకు తప్ప ఇంకెవరికీ అవసరం పడలేదు. ఏ పనైనా సరే, మనిషి దగ్గర కూర్చుని బటన్లు నొక్కుతూ చెయ్యడం అతనికి గిట్టదు. కొత్త కంప్యూటర్లో దాన్ని నడిపించే లినక్స్ ఎక్కించబోతే అది సవాలక్ష ప్రశ్నలు వేస్తుంది. ఏ భాష కావాలి, కీబోర్డు ఎలాంటిది, డిస్కును ఎన్ని ముక్కలు చెయ్యాలి, పాస్‌వర్డు ఏమిటి. మామూలువాళ్లు ప్రతి కంప్యూటర్ ముందూ కూర్చుని, ఓపిగ్గా ఒక్కోదానికీ జవాబు చెప్పుకుంటూ పోతారు. ఆటోమేటిక్ జవాబులన్నీ ముందే ఒక ఫైల్లో రాసి ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటాడు. కొత్తవాటికి తీగ తగిలించి బటన్ నొక్కితే చాలు. అవి తీగ వెంట ల్యాప్‌టాప్‌ను వెతుక్కుంటూ వచ్చి, ఆ ఫైలు చదువుకుని, కిక్కురుమనకుండా తమ పని తాము చేసుకుంటాయి. అతను ఓ మూల కుర్చీ వేసుకుని కాళ్లు చాపుకుంటాడు.

ఇంట్లోనూ అదే పద్ధతి. భార్యకు ఏ రంగు కర్టెన్లు నచ్చుతాయో, ఎవరి పెళ్లికి వెళ్తుందో, ఎవరి పెళ్లి మానేస్తుందో అతనికి ముందే తెలుసు. తెలుసు కాబట్టి అడిగేవాడు కాదు. మౌనం అర్ధాంగీకారం అంటారు గదా, మిగతా సగం తనే పూర్తి చేసేవాడు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్క గొడవ కూడా లేదని చుట్టాల దగ్గర చెప్పుకునేవాడు. చెప్పుకున్నంతవరకూ అది నిజమే.

ఆవిడ కెమిస్టు. పెళ్లికి ముందు ఒక ల్యాబులో పనిచేసింది, తర్వాత మానేసింది. ఒకరోజు ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు ఆవిడ ఫోన్ మోగింది. పాత ల్యాబు వాళ్లు. మళ్లీ చేరతారా అని అడిగారు. "ఆవిడ ఇప్పుడు ఉద్యోగం చేసే ఉద్దేశంలో లేరండీ" అని ఆటోమేటిక్ ఎంతో మర్యాదగా చెప్పి పెట్టేశాడు. ఆ సంగతి ఆవిడకు చెప్పడం కూడా మర్చిపోయాడు. కూరగాయల దుకాణం దగ్గర పాత స్నేహితురాలు కనబడి, ఎందుకు వద్దన్నావని అడిగేదాకా ఆవిడకు తెలియదు.

"అలా ఎందుకు చెప్పారు?" అని ఆవిడ ఇంటికొచ్చి అడిగింది.

"నువ్వూ అదే చెప్తావనుకున్నాను."

"అడిగితే గదా నేనేం చెప్తానో తెలిసేది."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచలేదు కాబట్టి ఆటోమేటిక్ ఆ విషయం అంతటితో అయిపోయిందనుకున్నాడు. వారం తిరగకుండా ఆవిడ బట్టలు, పుస్తకాలు, టేబుల్ లైటు సర్దుకుని అక్కగారింటికి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ షెల్ఫు మీదున్న నెట్ పెట్టె కూడా పట్టుకుపోయింది. ఇంట్లోకి వచ్చే ఒక్క నెట్ తీగనూ ఫోన్లకూ కంప్యూటర్లకూ పంచి, ఒక్కోదానికీ ఒక్కో అడ్రసు ఇచ్చే పెట్టె అది. పెట్టె కొన్నది ఆవిడే, కాబట్టి న్యాయంగా ఆవిడదే. అయితే వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, పక్క గదిలో పనిచేసుకుంటున్న ఆటోమేటిక్‌కు భార్య వెళ్లిపోయిన సంగతి నెట్ ఆగిపోయాక గానీ తెలియలేదు.

ఆ కంగారులో తన సొంత అక్కకు ఫోన్ చేసి, "అక్కా, పెట్టె తీసుకుపోయింది" అన్నాడు.

"ఎవరు?"

"మీ మరదలు."

"ఒరేయ్, పెళ్లాం వెళ్లిపోయిందిరా బాబూ అని ఏడవాల్సింది పోయి, పెట్టె పోయిందంటావేంట్రా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది."

ఆ మాట చుట్టాలందరికీ పాకింది. పెట్టె దొరికిందా నాయనా అని ముసలివాళ్లు కూడా అడగడం మొదలుపెట్టారు. అతను నవ్వేసి ఊరుకునేవాడు. రాత్రిళ్లు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆవిడ లేకపోతే ఇల్లు ఎంత పెద్దదో, అందులో తనకు అక్కర్లేని గదులెన్నో అప్పుడు తెలిసింది.

మొన్న వదిన ఫోన్ చేసింది. "మరిదిగారూ, మా చెల్లి ఉద్యోగంలో చేరింది. ఎక్కడో చెప్పొద్దంది, కాబట్టి నేను చెప్పను. వేరే ఇల్లు కూడా చూసుకుంది. వచ్చే నెల ఒకటో తారీఖున ఆ ఇంటికి మారుతుంది. మీరు అడగాల్సింది ఏమన్నా ఉంటే ఆలోపే అడగండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే నేనేం చెయ్యలేను."

అడగాలనే ఉంది అతనికి. ఇంటికి వస్తావా అన్నది ఒకే ఒక్క మాట. ఫోన్ చేతిలోకి తీసుకుంటాడు. ఆవిడ వస్తానంటుందని ఒకసారి అనిపిస్తుంది. ఎలాగూ వచ్చేదాన్ని అడగడమెందుకు? రానంటుందని ఇంకోసారి అనిపిస్తుంది. రానన్నదాన్ని అడిగి ఏం లాభం? ఇలా రెండు జవాబులూ తనే చెప్పుకుని ఫోన్ కింద పెట్టేస్తాడు. ఒకటో తారీఖు మాత్రం ఎవరి అనుమతీ అడక్కుండా దగ్గరపడుతోంది.

అలాంటి రోజుల్లో నీటి పరీక్షల ల్యాబు నుంచి పని వచ్చింది. పాత కంప్యూటర్లన్నీ తీసేసి కొత్తవి కొన్నారు. వాటన్నిటిలోనూ లినక్స్ ఎక్కించాలి. మర్నాడు పొద్దున్న చుట్టుపక్కల ట్యాంకుల నుంచి నీళ్ల సీసాలు వస్తాయట, ఆలోపే అన్నీ సిద్ధంగా ఉండాలట. ఆటోమేటిక్ పొద్దున్నే వెళ్లేసరికి పొడవాటి హాల్లో బల్లల మీద కొత్త కంప్యూటర్లు ఇంకా అట్టపెట్టెల వాసన కొడుతూ బారుగా కూర్చుని ఉన్నాయి. మేనేజరు స్వాగతం చెప్పాడు. చేతులు వెనక్కి కట్టుకుని తిరగడం, వచ్చిన ప్రతిసారీ ఎంతవరకూ వచ్చిందని అడగడం ఆయన ఉద్యోగం.

"మధ్యాహ్నానికల్లా అయిపోతుందండీ," అన్నాడు ఆటోమేటిక్. "మనం చెయ్యాల్సింది ఏమీ ఉండదు. అన్నీ అవే చేసుకుంటాయి."

తీగలు తగిలించి బటన్లు నొక్కి, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొదటి కంప్యూటర్ లేచింది, ల్యాప్‌టాప్‌ను కనుక్కుంది, ఎక్కాల్సిన సరుకు తెచ్చుకుంది. అంతా లక్షణంగా ఉంది. ఉన్నట్టుండి తెర ఎర్రబడింది. జవాబుల ఫైలు దొరకలేదని రాసింది. రెండోది ఏ గొడవా లేకుండా సాగిపోయింది. మూడోది ఎర్రబడింది. నాలుగోది కూడా. తర్వాత రెండు బాగానే వెళ్లాయి, ఆ పైన వరసగా అన్నీ ఎరుపే. అన్నీ ఒకే తప్పు చేస్తే ఆటోమేటిక్ కంగారుపడడు. కొన్ని చేసి కొన్ని చెయ్యకపోతే మాత్రం అతనికి నిద్రపట్టదు.

చాపిన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. ముందు ఫైలు ఉందా లేదా చూశాడు. ఉంది. పేరు సరిగానే ఉంది. ఒక్కో కంప్యూటర్‌కూ రెండేసి నెట్ రంధ్రాలున్నాయి, తీగ ఒకదానికే ఉంది. ఖాళీ రంధ్రాన్ని పట్టుకుని వేలాడుతోందేమోనని, తీగ ఉన్నదాన్నే చూసుకోమని రాశాడు. ఎరుపే. నెట్ అందడానికి ఆలస్యమవుతుంటే తొందరపడుతోందేమోనని, ఇంకాస్త ఆగమని రాశాడు. ఇంకాస్త ఆగి మరీ ఎర్రబడింది. అప్పుడు చూసుకుంటే తెలిసింది, నెట్‌కు సంబంధించిన జవాబులు కూడా తను ఆ ఫైల్లోనే పెట్టాడు. ఫైలు అందాలంటే నెట్ కావాలి, నెట్ ఎలా పట్టుకోవాలో ఫైల్లో ఉంది. బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేసినట్టు. ఇంత చిన్న విషయంలో ఎలా పొరపడ్డానని నాలుక కరుచుకుని, ఆ జవాబులు తీసి, కంప్యూటర్ లేవగానే చదివే మొదటి వరుసలో పెట్టాడు. ఇక తిరుగులేదనుకున్నాడు.

ఎరుపు.

"ఎంతవరకూ వచ్చిందయ్యా?" అన్నాడు మేనేజరు.

"వస్తోందండీ."

"ఎరుపంటే మంచిదా?"

"కాదండీ."

"నేనూ అలాగే అనుకున్నాను," అని మేనేజరు చేతులు వెనక్కి కట్టుకుని వెళ్లిపోయాడు.

ఆటోమేటిక్ తను ఎప్పుడూ చెయ్యని పని చేశాడు. ఎర్రబడ్డ కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, దాన్నే అడిగాడు. ఎర్ర తెర వెనక ఇంకో నల్ల తెర ఉంటుంది. అక్కడికి వెళ్లి, ఇంతకీ నీ అడ్రసేమిటని టైపు చేశాడు. కంప్యూటర్ నాలుగు సంఖ్యల్లో జవాబిచ్చింది.

పది. నూట డెబ్భై మూడు. తొంభై నాలుగు. చివర్లో ఏదో చిన్న అంకె. ఆ అంకెలు అతను ఇంకోసారి చదివాడు. లోకంలో ప్రతి ఇంట్లోనూ పెట్టెలు ఒకే రకం అడ్రసులు ఇస్తాయి, కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే. అందరిలాంటి అడ్రసు తనకెందుకని, ఎవరూ వాడరని, అప్పట్లో ఆటోమేటిక్ ఈ అంకెలు ఏరి తమ ఇంటి పెట్టెలో పెట్టాడు. ఇలాంటి అడ్రసు ఇంకో ఇంట్లో ఉండదని భార్యకు గొప్పగా చెప్పాడు కూడా. ఆవిడ సరేనంది. ఇప్పుడు ఎవరిదో ఆఫీసులో, అప్పుడే అట్టపెట్టెలోంచి దిగిన కంప్యూటర్, నేను మీ ఇంట్లోనే ఉన్నాను అంటోంది.

జరిగిందేమిటో అప్పుడు అర్థమైంది. లినక్స్ ఎక్కేటప్పుడు కంప్యూటర్ అడ్రసు రెండుసార్లు అడుగుతుంది. లేవగానే ఒకసారి. అప్పుడు అడ్రసుతోపాటు సరుకు కూడా ఇచ్చేవాణ్ణే నమ్ముతుంది, అది ల్యాప్‌టాప్ ఒక్కటే. సరుకు విప్పుకున్నాక, అంతకుముందు అడిగిందంతా మర్చిపోయి, రెండోసారి అడుగుతుంది. ఈసారి ఎవరు ముందు పలికితే వాళ్ల మాటే వేదం. ల్యాప్‌టాప్ నిదానంగా ఆలోచించే లోపల, ఈ భవనంలోనే ఎక్కడో కూర్చున్న తన ఇంటి పెట్టె చాలాసార్లు ముందే అడ్రసు ఇచ్చేస్తోంది. ఆ అడ్రసుతో వెళ్తే ల్యాప్‌టాప్ కనబడదు, ఫైలు దొరకదు. పెట్టెకు చెడ్డ ఉద్దేశమేమీ లేదు. తనని అడిగారో పక్కవాణ్ణి అడిగారో చూసుకోకుండా జవాబు చెప్పేస్తుంది, అంతే.

పెట్టె ఇక్కడుంటే ఆవిడ ఇక్కడుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఆ మాట మనసులో పూర్తి కాకముందే అతనికి భయం వేసింది. ఆవిడ ఎదురొస్తే ఏమనాలి? ముందుగా ఏమనుకోవాలో ఏమీ తోచలేదు. అందుకని మొదట వచ్చిన ఆలోచన పారిపోవడమే. పెట్టె ఏ గదిలో ఉన్నా దాని లోపలి పేజీ ఇక్కణ్ణుంచే తెరవచ్చు. ఆ అడ్రసులు ఇచ్చే సెట్టింగ్ ఒక్కటి ఆపేస్తే పని అయిపోతుంది. ఎవరూ ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. పేజీ తెరిచి పాస్‌వర్డు కొట్టాడు.

పాస్‌వర్డు తప్పు అంది పెట్టె.

నిదానంగా, ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్లీ కొట్టాడు. తప్పే. ఆ పాస్‌వర్డు ఆవిడకు అతను ఎప్పుడూ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి ఆవిడకు తెలియదనుకున్నాడు. తన పుట్టినరోజే పాస్‌వర్డుగా పెట్టుకున్నాడని కనిపెట్టడానికి కెమిస్ట్రీ చదివినవాళ్లే అక్కర్లేదు. ఆవిడ కనిపెట్టి, లోపలికి వెళ్లి, మార్చేసింది. ఇప్పుడు తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది.

ఇక మిగిలింది ఒకటే దారి. వరండా చివర గోడకు ఒక చిన్న ఇనప బీరువా ఉంది. అన్ని గదుల తీగలూ వచ్చి అందులోనే కలుస్తాయి. ల్యాప్‌టాప్ చంకనేసుకుని అక్కడికి వెళ్లాడు. పెట్టెను పిలుస్తూనే ఉండమని ల్యాప్‌టాప్‌కు చెప్పాడు. అది పిలిచింది, పెట్టె పలికింది. మళ్లీ పిలిచింది, మళ్లీ పలికింది. పలికినప్పుడల్లా తెర మీద ఒక వరుస పడుతోంది. ఆటోమేటిక్ ఒక్కో తీగా పీకి, వరుసలు ఆగాయేమో చూసి, మళ్లీ పెడుతున్నాడు. కింది వరసలో ఒక తీగ పీకగానే తెర నిశ్శబ్దమైపోయింది.

ఆ తీగ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అలాగే వదిలేస్తే హాల్లో పని జరిగిపోతుంది. మధ్యాహ్నానికల్లా ఇంటికి వెళ్లిపోవచ్చు. ఆ గదిలో నెట్ ఎందుకు పోయిందో తెలియక ఆవిడ తల పట్టుకుంటుంది, అంతేగా. అంతే అనుకోవడానికి అతనికి మనసొప్పలేదు. తీగ తీసినచోటే పెట్టేశాడు. వరుసలు మళ్లీ పడసాగాయి.

"దొరికిందా?" అన్నాడు మేనేజరు వెనకనుంచి.

"ఒక గదిలో బయటి పెట్టె ఏదో తగిలించారండీ. అది అడ్డుపడుతోంది."

"బయటి పెట్టా?" మేనేజరు చేతులు మొదటిసారి ముందుకొచ్చాయి. "మొన్న ఒకాయన చెప్పకుండా టీ కెటిల్ తెచ్చి తగిలిస్తే ఆయన్నీ కెటిల్‌నీ కలిపి ఇంటికి పంపించాను. ఏ గదది? చూపించు."

తీగ మీదున్న అంకె చదివి మేనేజరే ముందు నడిచాడు. "లోహాల పరీక్ష గది. అక్కడ కొత్తావిడ కదా ఉంది. ఇంకా పర్మనెంటు కూడా కాలేదు. అయ్యో," అన్నాడు. ఆ అయ్యోలో జాలి పెద్దగా లేదు.

ఆటోమేటిక్ రెండడుగులు వెనకబడ్డాడు. ఆవిడ ఇన్నేళ్ల తర్వాత సంపాదించుకున్న ఉద్యోగం. మొదటిసారి తన నోటితో పోగొట్టాడు. ఈసారి తన వేలితో చూపించి పోగొట్టబోతున్నాడు.

గదిలో ఆవిడ తెల్లకోటు వేసుకుని, చేతులకు తొడుగులతో, ఒక యంత్రం ముందు కూర్చుని ఉంది. సన్నటి గొట్టంలోంచి నీరు యంత్రంలోకి వెళ్తోంది, పక్కన కంప్యూటర్ తెర మీద గీత పైకీ కిందికీ కదులుతోంది. తలుపు చప్పుడుకు తల తిప్పింది. మేనేజర్ని చూసింది. ఆయన వెనక ఎవరున్నారో కూడా చూసింది. ముఖంలో ఏ మార్పూ లేదు. "ఒక్క నిమిషమండీ, ఇది మధ్యలో ఆగకూడదు" అని మళ్లీ తెరవైపు తిరిగింది. ఇద్దరు మగాళ్లూ గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ కాస్త చిక్కింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. అలా బాగుందని ఆటోమేటిక్‌కు అనిపించింది. అడిగుంటే వద్దనేవాడని కూడా అనిపించింది.

పెట్టె కిటికీ కింద, గోడ సాకెట్ పక్కనే ఉంది. పసుపు రంధ్రాల్లో మూడు తీగలు వరసగా గుచ్చి ఉన్నాయి. ఒకటి గోడలోకి, ఒకటి కంప్యూటర్లోకి, ఒకటి యంత్రంలోకి. బయటి నుంచి వచ్చే తీగ కోసం విడిగా ఉన్న రంధ్రం మాత్రం ఖాళీగా ఉంది. ఆటోమేటిక్ దాన్ని గుర్తుపట్టాడు. ఆ పసుపు రంధ్రాలన్నీ ఒకటేలే, దేంట్లోనైనా పెట్టు, అని ఇంట్లో ఎప్పుడో ఆవిడతో అన్నదీ తనే. ఎందుకు ఒకటో, ఎప్పుడు కాదో చెప్పే ఓపిక అప్పుడు లేకపోయింది. ఆవిడ అతను చెప్పినట్టే పెట్టింది.

గీత ఆగాక ఆవిడ లేచింది. మేనేజరు పెట్టెను వేలితో చూపించాడు. "ఇదేనా? ఇది ఆఫీసుది కాదే. దీనివల్ల పొద్దుట్నుంచీ హాల్లో పని ఆగిపోయింది. ఎవరు పెట్టారిక్కడ?"

ఆటోమేటిక్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. వరండాలో నడుస్తున్నప్పుడే తయారైపోయింది. ఈ పెట్టె నాదేనండీ, పరీక్ష కోసం పొద్దున నేనే తగిలించి మర్చిపోయాను. ఎంత చక్కటి జవాబు! నాలుగు చివాట్లు తనకు పడతాయి, ఆవిడ ఉద్యోగం నిలబడుతుంది. సగం నిజం కూడాను. చెప్పడానికి నోరు తెరిచాడు.

ఆవిడ అతనివైపు చూసింది. కాపాడమని బతిమాలే చూపు కాదది. పొయ్యి మీద పాలు పొంగబోతుంటే ఎలా చూస్తారో, అలా చూసింది.

ఆటోమేటిక్ నోరు మూసుకున్నాడు. అంత కష్టమైన పని అతను ఆ ఏడాదిలో చెయ్యలేదు. మేనేజరు ఒకసారి దగ్గాడు. మాట బయటికి తన్నుకొస్తుంటే ఆటోమేటిక్ పెదవులు బిగపట్టి గోడమీది గడియారం చూస్తూ నిలబడ్డాడు.

"నేనే పెట్టానండీ," అంది ఆవిడ.

"పర్మిషన్ లేకుండానా?"

"లేకుండానే. తప్పే. మీరు నాకు ఒక కంప్యూటరు ఇచ్చారు, ఒక యంత్రం ఇచ్చారు. గోడకు సాకెట్ ఒక్కటే ఇచ్చారు. చేరిన వారమే రెండోది కావాలని అడిగాను. చూద్దామన్నారు. మళ్లీ అడిగాను. చూస్తున్నామన్నారు. మీరు చూస్తూ ఉండగా పనాగకూడదు గదా అని ఇంట్లో ఉన్నది తెచ్చుకున్నాను. దీనివల్ల హాల్లో ఇబ్బంది అవుతుందని తెలీదు. తెలిస్తే పెట్టేదాన్ని కాదు." తొడుగులు సరిచేసుకుంది. "ఇప్పుడు పీకేస్తే సాయంత్రం మీరు సంతకం పెట్టాల్సిన రిపోర్టు ఆగిపోతుంది. పీకెయ్యమంటారా?"

ల్యాబులో నీళ్లకు కొదవ లేదు, మేనేజరు అవే నమిలాడు. చివరికి ఆటోమేటిక్ వైపు తిరిగి, "ఏమయ్యా, పీకాలా?" అన్నాడు.

"అక్కర్లేదండీ. లోపల ఒక సెట్టింగ్ ఆపితే చాలు. తీగలు అలాగే ఉండొచ్చు. దాని పాస్‌వర్డు ఈవిడ దగ్గరుంది. ఈవిడకు అభ్యంతరం లేకపోతే ఎక్కడ నొక్కాలో చెప్తాను."

"లేదు, చెప్పండి," అంది ఆవిడ.

ఆవిడ పేజీ తెరిచి పాస్‌వర్డు కొడుతుంటే ఆటోమేటిక్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పాడు. ఎందుకు వెళ్లాలో కూడా చెప్పాడు. అడ్రసులు ఇచ్చే పని రెండు పెట్టెలు చేస్తే ఏమవుతుందో, పసుపు రంధ్రాలు ఎప్పుడు ఒకటో, ఎప్పుడు కావో అంతా చెప్పాడు. ఆవిడ రెండు ప్రశ్నలు అడిగింది. రెండూ మంచి ప్రశ్నలు. తనే నొక్కి ఆపింది.

"మెమో మాత్రం ఇవ్వక తప్పదమ్మా," అన్నాడు మేనేజరు. పెద్దరికం ఎక్కడో ఒకచోట నిలబెట్టుకోవాలి గదా.

"ఇవ్వండి. రెండో సాకెట్ ఎప్పుడు వేయిస్తారో కూడా దాంట్లోనే రాయండి."

మేనేజరు ఎలక్ట్రీషియన్‌ను వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. ఆవిడ ఇంకో సీసా మూత విప్పి గొట్టం దించింది. ఆటోమేటిక్ హాల్లోకి వెళ్లి ఎర్రబడ్డవాటన్నిటికీ మళ్లీ బటన్ నొక్కాడు. ఒక్కొక్కటీ లేచి, అడ్రసు అడిగి, ఫైలు దొరకబుచ్చుకుని, మారుమాట్లాడకుండా ముందుకు సాగిపోయాయి. మామూలుగా అయితే అది అతనికి రోజంతట్లో ఇష్టమైన ఘడియ. ఇవాళ కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. లేచి వెనక్కి వెళ్లి, తెరిచే ఉన్న తలుపు తట్టాడు.

"రండి," అంది ఆవిడ, తెరమీద గీతను చూస్తూనే. "ఇందాక ఏదో చెప్పబోయి ఆగారు."

"పెట్టె నాదే, నేనే పెట్టానని చెప్దామనుకున్నాను."

"మరి ఎందుకు ఆగారు?"

ఈ ప్రశ్నకు ఎంతో అందమైన జవాబు చెప్పొచ్చని అతనికి తెలుసు. ఒక్కటీ తట్టలేదు. "ఆయన అడిగింది నిన్ను గదా," అన్నాడు.

ఆవిడ గీతను వదిలి అతనివైపు తిరిగింది. ఆ ముఖం చూస్తే, ఇక ఒకటో తారీఖు దాకా ఆగలేననిపించింది. అడిగేశాడు.

"ఇంటికి వస్తావా?"

ఆవిడ తొడుగులు తీసింది. ముందు ఎడమచేతిది, తర్వాత కుడిచేతిది. రెండూ చెత్తబుట్టలో వేసింది. ఆ కాస్తసేపూ ఆటోమేటిక్ తలలో వస్తానన్న మాట ఒకటి, రానన్న మాట ఒకటి తోసుకుంటూ లేచాయి. రెండిటినీ అణిచిపెట్టి ఎదురుచూశాడు.

"రాను," అంది ఆవిడ.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగినా పెట్టని చోటు ఒకటుంటుందని ఆ సామెత కట్టినవాళ్లు చెప్పలేదు. దెబ్బ ఎక్కడ తగిలిందో తెలిసేలా తగిలింది. రాననే అంటుందని తను వందసార్లు అనుకున్నాడు. అనుకున్న వందసార్లూ కలిపినా ఇంత నొప్పి లేదు.

"ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను అలా చెప్పి ఉండకూడదు," అన్నాడు. ఎన్నో నెలలుగా దాచిపెట్టుకున్న మాట అది. "ఆ ఒక్క తప్పు..."

"ఫోన్ కోసం కాదు. ఫోన్ సంగతి ఎప్పుడో మర్చిపోయాను."

ఆటోమేటిక్ ఇన్నాళ్లూ ఆ ఫోన్ గురించే పశ్చాత్తాపపడ్డాడు, దాని చుట్టూనే సంజాయిషీలు అల్లుకున్నాడు. అదంతా వేరే ఇంటి అడ్రసుకు వెళ్లిపోయిందన్నమాట.

"మరి దేనికి?"

"నిజంగా అడుగుతున్నారా?"

"అడుగుతున్నాను. నాకు తెలీదు."

ఆవిడ బల్లకింద ఉన్న స్టూలును కాలితో ఇవతలికి లాగింది. అతను కూర్చున్నాడు. ఆవిడ యంత్రం ఆపింది, కుర్చీ తిప్పుకుని ఎదురుగా కూర్చుంది, మొదట్నుంచి చెప్పడం మొదలుపెట్టింది. పెళ్లయిన మొదటి ఏడాది నుంచి. హాల్లోంచి మేనేజరు పిలుస్తున్నాడు, కంప్యూటర్లన్నీ అయిపోయినట్టున్నాయి, వచ్చి చూడమంటున్నాడు. ఆటోమేటిక్ లేవలేదు. ఆవిడ చాలాసేపు చెప్పింది. ఆ చెప్పినదాంట్లో అతనికి ముందే తెలిసింది ఒక్కటీ లేదు.